వీలైనప్పుడు అను దినము

చదువవలసిన వాక్యభాగములు: అపొ. కార్యములు 24:24-27; 1 కొరింథీ. 16:1-2, 2 కొరింథీ. 8:10-11, 9:1-5, యాకోబు 4:13-17



ఈ మాసపు పాఠమును ఒక అధిపతి మాటతో ఆరంభింతము. కైసరయ పట్టణములో ఫేలిక్సు అను రోమా అధిపతి యుండెను. పౌలు అతని చెరలో నుండెను. ఒక దినమున ఫేలిక్సు తన భార్యయైన ద్రుసిల్లతో కూడ వచ్చి, పౌలును పిలిపించి, అతని బోధ వినెను. న్యాయముగా నడచుట, మనస్సును అదుపులో నుంచుకొనుట, రానున్న తీర్పు, ఈ మూడింటిని గూర్చి పౌలు చెప్పిన మాటలకు ఆ అధిపతికి భయము పుట్టెను. భయము పుట్టినవాడు ఏమి చేసెను? ఇప్పటికి పొమ్మని చెప్పి, తనకు వీలు దొరికినప్పుడు మరల పిలిపించెదనని పౌలును పంపివేసెను.

ఇక్కడ మనము జాగ్రత్తగా చూడవలెను. ఫేలిక్సు కాదనలేదు. పౌలు చెప్పినది అబద్ధమనలేదు. కోపపడలేదు కూడ. వీలైనప్పుడు అనెను, అంతే. తరువాత అతనికి వీలు చిక్కలేదా? చిక్కినది. లంచము దొరకునను ఆశతో పౌలును పలుమారులు పిలిపించి మాటలాడుచు వచ్చెనని లూకా వ్రాసియున్నాడు. కూర్చుండుటకు వీలున్నది, మాటలాడుటకు వీలున్నది; ఆ మొదటి దినపు భయమును తిరిగి యెత్తుకొనుటకు మాత్రము వీలు కాలేదు. రెండు సంవత్సరములు గడచెను. పోర్కియు ఫేస్తు వచ్చి అతని స్థానములో కూర్చుండెను. ఫేలిక్సు పోయెను, పౌలు బంధకములలోనే యుండెను.

వీలైనప్పుడు అను దినము ఏ పంచాంగములోను లేదు. ఆదివారము కలదు, సోమవారము కలదు. వీలువారము లేదు.

ఇతరులకు బోధించుటకు ముందు నా యింటి సంగతి చెప్పుకొనుట న్యాయము. మా నాయన 2011లో ప్రభువునందు నిద్రించెను. నారాయణపేటకు కొంత దూరములో ఆయన పేరట ఆరెకరముల చేను కలదు. మేము ముగ్గురు అన్నదమ్ములము, నేను పెద్దవాడను. జ్ఞాపకార్థ కూడిక నాడే మా మేనమామ నన్ను ప్రక్కకు పిలిచి, “అల్లుడా, విరాసత్ పని జల్ది చేయించుకోండ్రి, నాన్చకుండ్రి” అనెను. “చేయిస్తం మామా, యాడికి పోతది” అంటిని.

భూమి యెక్కడికిని పోలేదు. పోయినది కాలము.

మొదటి యేడు నడిపి తమ్ముడు పూనాలో పనిమీద నుండెను. అతడు వచ్చిన తరువాత ముగ్గురము కలిసి కచేరికి పోవుదమనుకొంటిమి. అతడు క్రిస్మసుకు వచ్చెను. పండుగ నాడు కచేరికి ఎవరు పోవుదురు? మరునాడు చుట్టములు, ఆ మరునాడు అతని ప్రయాణము. రెండవ యేడు కందులు ఇల్లు చేరనిమ్మంటిమి. మూడవ యేడు చెల్లెలి పెండ్లి. నాలుగవ యేడు ఏమి సాకు చెప్పుకొంటిమో నాకిప్పుడు జ్ఞాపకము కూడ లేదు. సాకు లేకపోయినను ఆలస్యము దానంతటదే నడచుటకు అలవాటు పడినది. ఈ యేండ్లన్నిటిలో మేము ఒక్కసారియు “వద్దు” అనలేదని గమనింపుడి. అడిగిన ప్రతివానికి “చేయాలె, చేయాలె” అనియే చెప్పితిమి.

2017 సెప్టెంబరు నుండి తెలంగాణలో భూమి రికార్డుల ప్రక్షాళన యని ఉద్యోగులే ఊరూరికి వచ్చిరి. మా యూరికిని వచ్చిరి. వారసులందరి సంతకములు కావలెననిరి. “తమ్ముడు పండుగకొస్తడు సార్, అప్పుడిస్తం” అని నేనే చెప్పితిని. పండుగ వచ్చెను, తమ్ముడు వచ్చెను, సంతకములు పెట్టలేదు. 2018 మే నెలలో రైతుబంధు చెక్కులు పంచిరి, ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున. చనిపోయిన మనిషి పేరట నున్న భూమికి చెక్కు ఎవరు తీసికొందురు? ఆరెకరములకు ఆ యొక్క కారుకే 24,000 రూపాయలు మా చేయి జారినవి. అప్పుడైనను బుద్ధి రావలసినది. జూన్ వచ్చినది, విత్తనముల వేళ, తరువాత పోవుదమంటిమి.

ఆ యేడు ఆగస్టు 15న రైతుబీమా వచ్చెను. పట్టాదారు పాసుబుక్కు కలిగి, 18 మొదలు 59 యేండ్ల ప్రాయము గల రైతు ఏ కారణమున చనిపోయినను, ఇంటివారికి 5 లక్షల రూపాయలు ఇచ్చు ఏర్పాటు అది. మా చిన్న తమ్మునికి అప్పటికి 33 యేండ్లు. 2019 చలికాలములో అతనికి జ్వరము తగిలి తొమ్మిదవ దినమున ప్రాణము విడిచెను. భార్య, ఇద్దరు పిల్లలు.

భూస్థాపన జరిగిన నాలుగవ దినమున వ్యవసాయ విస్తరణాధికారి యైన పిల్లవాడొకడు మా వాకిటికి వచ్చెను. మంచివాడు, తానంతట తానే వచ్చినాడు. “అమ్మా, పాసుబుక్కున్నదా?” అని మా మరదలిని అడిగెను. ఆమె అతనికి జవాబు చెప్పలేదు. నా వైపు చూచినది.

సహోదరులారా, ఆ చూపును గూర్చి నేనింకేమియు వ్రాయను.

కచేరులలో తిప్పుట లేదా యని మీరడుగుదురు. కలదు, అందరికి తెలిసినదే. పది మారులు తిరిగి చెప్పులరిగినవారు మన సంఘములోనే యున్నారు. వారి సంగతి వేరు. మేము పెట్టని దరఖాస్తును ఏ గుమాస్తా ఆలస్యము చేయగలడు? దూరమనుటకు కూడ లేదు. జిల్లా కచేరి ఆ దినములలో మహబూబునగరములో నుండెను గాని, మా పని మండల కచేరిదే. అది ఎప్పుడును దగ్గరనే యుండెను. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేటయే జిల్లా ఆయెను. అయినను మా కాళ్లు కదలలేదు.

ఇట్టి సంగతులు వినగానే పెద్దలు సోమరితనమని ముద్ర వేయుదురు. సామెతల గ్రంథములోని చీమను చూపింతురు. చీమను చూచుట మంచిదే. అయితే ఆ మాట మన ప్రజలకు సరిగా అంటునా యని నాకు సందేహము. ఈ పాలమూరు నేలవారు సోమరులా? దూర రాష్ట్రములలో ఆనకట్టలకు మట్టి మోసినది, రాళ్లు కొట్టినది, కాలువలు త్రవ్వినది మన జనమే కదా. పాలమూరు లేబరనిన కష్టమునకు మారుపేరు. నా చిన్న తమ్ముడు తెల్లవారుజామున చేనికి పోయి చీకటి పడిన తరువాత వచ్చెడివాడు. ముగ్గురిలో ఏ యొక్కడు సోమరి కాడు. సోమరులమైనచో సంగతి తేలికగా అర్థమగును, మందును తేలికగా దొరకును.

నారాయణపేటలో నేతగాని యింటికి పోయి చూడుడి. ఇక్కడి మగ్గముమీద ఎనిమిది చీరలకు సరిపడు పడుగు ఒకేసారి వేయుదురు. పాత పడుగు కొనలకు క్రొత్త పోగులను ఒక్కొక్కటిగా అతుకుదురు. ఒక్క పోగు తప్పినను గుడ్డలో గీత పడును. ఆ నేతగానిని, “అన్నా, చీర యెప్పుడైతది?” అని అడుగుడి. నేటికి ఎన్ని మూరలు నేసినాడో, ఇంకెన్ని మిగిలినవో చూచి దినము చెప్పును. అదే మనిషిని, “ఇంటి కప్పు యెప్పుడు బాగుచేయిస్తవు? బిడ్డ కంటికి అద్దాలెప్పుడు పెట్టిస్తవు?” అని అడుగుడి. “చూద్దాం తియ్యన్నా” అనును. చేయి అదే, మనస్సు అదే. మగ్గముమీద పనికి కొలత యున్నది, ఎక్కడ పట్టుకొనవలెనో తెలిసియున్నది. కప్పు పనికి దినము లేదు, మొదటి అడుగు లేదు, ఎవరు చేయవలెనో కూడ తేలలేదు. అందుచేత అది సంవత్సరముల తరబడి ఇంటిలోనే, ముగ్గురు నలుగురి నోళ్లలోనే తిరుగును.

మా విరాసత్ సంగతియు ఇంతే. ముగ్గురము చేయవలెననుకొంటిమి. ముగ్గురిలో ఎవడు మొదట లేచి పోవలెనో ఎవడును చెప్పలేదు. నేను పెద్దవాడను గనుక నాది ఆ పని. చిన్నవాడు చురుకైనవాడు గనుక అతడు చూచుకొనునని నేను మనస్సులో అనుకొంటిని. అన్న యున్నాడు గదా యని అతడనుకొనియుండును.

ఇక్కడ రైతులొక ప్రశ్న వేయుదురు. ఓపికతో కనిపెట్టుమని వాక్యమే చెప్పుచున్నది గదా, వాన కొరకు కనిపెట్టు వ్యవసాయకుని యాకోబు మెచ్చుకొనలేదా (యాకోబు 5:7)? మెచ్చుకొనెను. అయితే కనిపెట్టుటకును వాయిదా వేయుటకును భేదము గలదు. మృగశిర కార్తెలో మన రైతు ఆకాశము చూచుచు కూర్చుండును. అతనిని వాయిదావాడనుట పాపము. ఎందుకనగా దేనికొరకు కూర్చున్నాడో అతనికి తెలియును. పదునుకొరకు కూర్చున్నాడు. వాన పడిన తెల్లవారి దుక్కిలోనికి పోయి మన్ను చేత పట్టి పిసికి చూచును. తడి లోతుకు దిగినదా, అదే పూట గొర్రు కట్టును. విత్తనము సిద్ధము, ఎడ్లు గాని ట్రాక్టరు గాని మాటలాడి యుంచినాడు. అది కనిపెట్టుట. దానికొక గురుతు కలదు, ఆ గురుతు కనబడగానే లేచుటకు మనిషి సిద్ధముగా నున్నాడు. వాయిదాకు గురుతు లేదు. ఏది కనబడిన లేచెదవని అడిగిన, చెప్పుటకు ఏమియు నుండదు. ప్రసంగి పదకొండవ అధ్యాయములో గాలినే చూచుచు విత్తనివానిని గూర్చి చెప్పినది ఇతనిని గూర్చియే.

కంది సంగతి రైతులకు తెలియనిది కాదు గాని యువకుల కొరకు చెప్పుచున్నాను. మన ప్రాంతములో వేయు కంది రకములలో అనేకము పగటి పొద్దు తగ్గుటను బట్టి పూతకు వచ్చును. జూన్‌లో విత్తిన మొక్క ఆ వేళకు నిండుగా కొమ్మలు వేసియుండును. ఆగస్టులో విత్తిన మొక్క మోకాలెత్తు నున్నను పొద్దు తగ్గగానే పూత పట్టును. నీవు ఆలస్యముగా విత్తితివి గనుక నేనును నెల రోజులు ఆగెదనని అది అనదు. అందుకే ఎరువు ఎంత వేసినను ఆలస్యపు కంది ముందరి కందితో సమానము కాదు. మన పిల్లల చదువులో, వైద్యములో, అప్పుల వడ్డీలో ఇట్టి పూత కాలములు కలవు. మూడేండ్ల బిడ్డకు మెల్లకన్ను చూపించిన అది బాగుపడు ఆశ యెక్కువ. పదిహేనవ యేట చూపించిన అంత ఆశ యుండదు.

ఇక కొరింథు సంఘము దగ్గరకు వత్తము. ఈ పాఠమునకు వెన్నెముక ఇక్కడనే యున్నది, గనుక పత్రికలను తెరచి చూచుకొనుడి.

యెరూషలేములోని పేద విశ్వాసుల సహాయార్థము చందా పోగుచేయవలెనని పౌలు సంఘములను కోరెను. కొరింథువారు వెంటనే ఒప్పుకొనిరి. ఎంత ఉత్సాహముతో ఒప్పుకొనిరనగా, వారి మాటను చెప్పి పౌలు మాసిదోనియవారిని పురికొల్పెను. అయితే సంవత్సరము గడచినను పని ముగియలేదు. రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో అపొస్తలుడు వారికి చెప్పిన మాట యిది: మీరు నిరుటి నుండియే చేయ నారంభించితిరి, చేయవలెనని కోరితిరి కూడ, ఇప్పుడు దానిని నెరవేర్చుడి. వారి మనస్సు మంచిది కాదని అతడనలేదు. మనస్సు సిద్ధముగా నున్నదని తానే సాక్ష్యమిచ్చెను. మనస్సు సిద్ధపడి సంవత్సరమైనను చేయి సిద్ధపడకపోవచ్చునని ఆ సంఘమును బట్టి తెలియుచున్నది. మనలో అనేకులు ఆ సంఘస్థులమే.

పౌలు వారికి ఏ మందు నిచ్చెను? మొదటి పత్రిక పదునారవ అధ్యాయము చూడుడి. ప్రతి ఆదివారమున, ప్రతివాడును, తన వర్ధిల్లిన కొలది, తన యొద్ద కొంత తీసి నిలువ చేయవలెను. ఎంత చిన్న ఏర్పాటో చూచితిరా? ఎప్పుడు? వారములో మొదటి దినమున. ఎవరు? ప్రతివాడును, పెద్దవాడు చూచుకొనునని చిన్నవాడును, చిన్నవాడు చూచుకొనునని పెద్దవాడును అనుటకు సందు లేదు. ఎంత? కలిగినంతలో, ఇంత యని కడుపు మాడ్చు లెక్క లేదు. ఎక్కడ? తన యొద్దనే. తాను వచ్చినప్పుడు చందాకై పరుగులు పెట్టకుండునట్లు ఇట్లు చేయుడని కారణము కూడ చెప్పెను. కొరింథు పెద్దలు ఈ దిన నియమమును సరిగా పట్టుకొనలేదు కాబోలు. అందుకే రెండవ పత్రిక వ్రాయవలసి వచ్చెను. అప్పుడును పౌలు ఉత్తరముతో ఊరకుండలేదు. తీతును, అతనితో కొందరు సహోదరులను ముందుగా పంపెను. మాసిదోనియవారు తనతో కూడ వచ్చి మిమ్మును సిద్ధపడనివారినిగా చూచినచో మీకును మాకును సిగ్గు కదా యని వారికి చెప్పెను. స్నేహితుడు వచ్చి ప్రక్కన కూర్చుండిన గాని కదలని పనులు కొన్ని కలవని అపొస్తలునికి తెలియును. అట్లు సహాయమడుగుటలో తక్కువతనము లేదు.

ఆ పని నెరవేరెనా? నెరవేరెను. రోమీయులకు వ్రాసిన పత్రిక 15:26లో మాసిదోనియవారును అకయవారును చందా ఇచ్చుటకు ఇష్టపడిరని వ్రాయబడినది. కొరింథు అకయలోనిదే.

మన స్త్రీలు ఈ నియమమును గ్రంథము తెరవకుండనే ఎరుగుదురు. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేయు అలవాటు మన తెలుగు సంఘములలో కలదు. మిజోరాములో సంఘ స్త్రీలు 1910 నుండి ఇట్లే పిడికెడు బియ్యము తీయుచు, ఆ పిడికిళ్లతోనే గొప్ప సేవ నడిపించిరి. నెల్లూరు జిల్లాలో 1992లో సారాకు విరోధముగా లేచిన స్త్రీలు తరువాత దినమునకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయ నారంభించిరి. నేడు మన వాడలలోని పొదుపు సంఘములలో ఫలాని తేదీన కూడవలెను, ఇంత కట్టవలెను, రానివారి పేరు పుస్తకములో ఎక్కును. ఆ స్త్రీల భర్తలలో కొందరు నెలకు ఎంత నిలువ చేయుదురని అడిగిన “మిగిలితే చేస్తం” అందురు. మిగులుట ఎన్నడైనను జరిగినదా? పిడికెడు ముందు తీసిన యింట అన్నము తక్కువైనట్లు నేను చూడలేదు, మిగిలిన తరువాత తీసెదనన్న యింట కుండ నిండినట్లును చూడలేదు.

ప్రార్థన విషయములోను అంతే. “ఎక్కువగా ప్రార్థన చేయాలె అయ్యగారూ” అనువాడు సంవత్సరాంతమున అదే మాట చెప్పును. “దీపము పెట్టిన తరువాత, బువ్వ తినక ముందు, పిల్లలతో పావుగంట” అని నిర్ణయించుకొన్న యిల్లు నాలుగు దినములు తప్పినను అయిదవ దినమున ఎక్కడ తిరిగి పట్టుకొనవలెనో ఎరుగును. తప్పుట ఎవరికైనను కలదు. తిరిగి పట్టుకొనుటకు చోటు లేకపోవుటయే నష్టము.

భక్తి గలవారు కొందరు చెప్పు అభ్యంతరము ఒకటి కలదు. దినము నిర్ణయించుటకు మనమెవరము, దేవుని చిత్తమైన జరుగును, యాకోబు అట్లు చెప్పలేదా యందురు. నాలుగవ అధ్యాయము మరల చదువుడి. రేపు పోయి వ్యాపారము చేసి లాభము సంపాదింతుమని అతిశయపడినవారిని యాకోబు గద్దించెను. వారి అతిశయమును గద్దించెను గాని, దినము పెట్టుకొనుటను కాదు. రేపు మన చేతిలో లేదనుట నేటి పనిని రేపటికి త్రోయుటకు కారణమగునా? రేపు మనది కాదు గనుకనే నేడు చేయవలెను. ఆ ప్రకరణము ఏ మాటతో ముగియుచున్నదో చూడుడి: మేలు చేయనెరిగియు చేయనివానికి అది పాపమే. దేవుని చిత్తమను పేరు పెట్టి మన జాప్యమును ఆయనమీద వేయుట భక్తి కాదు. నేనును ఏండ్ల తరబడి అట్లు వేసినవాడనే గనుక గట్టిగా చెప్పుచున్నాను.

ఫరో సంగతి ఈ సందర్భములో జ్ఞాపకము వచ్చుచున్నది (నిర్గమ 8వ అధ్యాయము). ఇల్లంతయు కప్పలు, పడకలో కప్పలు, పిండి తొట్టిలో కప్పలు. ఎప్పుడు తీసివేయుటకు ప్రార్థింపవలెనో నీవే చెప్పుమని మోషే అడిగినప్పుడు, రాజు ఈ క్షణమే యనలేదు, రేపు అనెను. ఇంకొక రాత్రి కప్పలతో పండుకొనుటకు ఒప్పుకొనెను! నవ్వు వచ్చును గాని, పది రూపాయల వడ్డీ అప్పును “వచ్చే నెల చూద్దాం” అని ప్రక్కలో పెట్టుకొని పండుకొనువారు మనలో లేరా?

ఒకటి మాత్రము తప్పక చెప్పవలెను. అందరి ఆలస్యమును ఒకే త్రాసున తూచరాదు. మేస్త్రి యొద్ద ముందుగా పైకము తీసికొని పరదేశము పోయిన కూలివాని దినములు అతని చేతిలో లేవు. రోగముతో మంచమున పడినవాడు, ఒంటరిగా పిల్లలను సాకు విధవరాలు ఒక పని వాయిదా వేసిరనిన, అది వారి అలవాటు కాదు, వారి భారము. అట్టివారికి ఈ పాఠమును చదివి వినిపించుట కంటె వారితో కచేరికి పోవుట మేలు. తీతును పంపినట్లు మనలో ఒకరిని పంపవలెను. సంఘ పెద్దలు ఈ నెల కూడికలో ఎవరి యింట విరాసత్ కాలేదో, ఎవరి బిడ్డకు పుట్టుక పత్రము లేదో, ఎవరి పింఛను కాగితము ఆగియున్నదో విచారించి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషి పేరును, పోవలసిన దినమును కాగితముమీద వ్రాసి గుడి గోడకు అంటించిన బాగుండును. మా గుడిలో అట్లు చేసితిమి. మొదటి కాగితముమీద పదునొకండు పనులు వ్రాసితిమి. మూడు నెలలకు ఏడు ముగిసినవి. నాలుగు మిగిలినవి, ఆ నాలుగింటిలో ఒకటి నాదే యని ఒప్పుకొనుచున్నాను. గోడమీద నా పేరు అందరికి కనబడుచున్నది. కనబడుట మేలే.

కాగితము వ్రాయునప్పుడు ఒక పొరపాటు చేయుదుము. “విరాసత్ చేయించుట” అని వ్రాయుదుము. అది ఒక పని కాదు, పది పనుల మూట. మూటను చూచి కాళ్లు లేవవు. “మంగళవారము ఉదయము పంచాయతికి పోయి నాయన మరణ పత్రము అడుగుట” అని వ్రాసిన కాళ్లు లేచును. మేము ఆ యేండ్లన్ని మూటను చూచుచు కూర్చుంటిమి. దానిలో మొదటి కాగితము పంచాయతిలో ఒక పూట పని యని తరువాత తెలిసినది.

చిన్న తమ్ముడు పోయిన తరువాత, 2020 జనవరిలో దరఖాస్తు పెట్టితిమి. మార్చిలో కరోనా వచ్చి అంతయు మూతపడెను. ఆ సంవత్సరమే చట్టము మారెను, అక్టోబరు 29న ధరణి వచ్చెను. మరుసటి యేడు మీసేవలో స్లాటు తీసికొని, నడిపి తమ్ముని పూనా నుండి రప్పించి, మూడిండ్లవారము కచేరికి పోతిమి. ఉదయము పోయినవారము మధ్యాహ్న భోజనమునకు ఇల్లు చేరితిమి. పది యేండ్లు మోసిన పని ఒక్క పూటలో దిగినది. మరదలి పేరట రెండెకరములకు పాసుబుక్కు వచ్చెను.

త్రోవలో నేను ఆమెతో, “అమ్మా, నా వల్లనే ఇంతైంది” అంటిని. ఆమె కొంత దూరము నడచిన తరువాత, “కాగితం భద్రముగ పెట్టాలె బావా, ఇంట్ల ఎలుకలున్నయి” అనినది.

ఆ ఆగస్టులో రైతుబీమా నమోదు ఆరంభమైన మొదటి దినముననే ఆమె విస్తరణాధికారి యొద్దకు పోయి తన పేరు వ్రాయించుకొని, నామినీ స్థలములో పెద్ద కుమారుని పేరు పెట్టించుకొని వచ్చినది. మాతో చెప్పలేదు. ఆ పిల్లవాడే ఒకనాడు త్రోవలో కనబడి నాతో చెప్పెను.